గొడుగు మర్చిపోయే సిస్టరమ్మ

మొన్న ఒక పెళ్ళి కార్డు వచ్చింది. కింద మూలన నలుపు చుక్కల చదరం ఒకటి అచ్చువేసి, పక్కన "మీ దీవెనలను ఇలా కూడా పంపవచ్చు" అని రాశారు. దానికి ఫోన్ చూపిస్తే దీవెనలు బ్యాంకులోకి వెళ్ళిపోతాయి. మా ఆవిడ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "సిస్టరమ్మ చూస్తే ఏమనేదో!" అంది. ఆమె పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఇంట్లో ఆమె మాట వచ్చినప్పుడల్లా తర్వాతి మాట రెండోవాళ్ళు అంటారని మేమిద్దరం చూస్తాం. ఆ రోజూ అలాగే చూసుకున్నాం. చివరికి మా ఆవిడే లేచింది. కార్డు తీసుకెళ్ళి టీవీ పక్కన పెట్టింది.

దాచిపెట్టి చివర్లో చెప్పాల్సిందేమీ లేదు కనుక ముందే చెప్పేస్తాను. సిస్టరమ్మ గుండెలో ఒక వాల్వు సన్నబడిపోయింది. చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఏదో చేసిపోయిన పని. దానికి ఆపరేషన్ కావాలి. ఆపరేషన్‌కు కావలసిన డబ్బులో సగం ఆమె కూడబెట్టుకుంది, సగం తక్కువైంది. ఈ సంగతి ఆమెకూ ఆమె భర్తకూ తప్ప కాలనీలో ఎవరికీ తెలియదు. మరోపక్క, ఎదుటివాళ్ళు నొచ్చుకోకుండా డబ్బు అడగడంలో మా కాలనీలోనే కాదు, హఫీజ్‌పేట్ మొత్తం వెతికినా ఆమెను మించినవాళ్ళు లేరు. పరిస్థితులు ఇంత అనుకూలంగా ఉన్నా పని జరగలేదు. ఎందుకు జరగలేదో చెప్పాలంటే మధ్యలో నేను కూడా వస్తాను.

తొంభైల చివరి సంవత్సరాలవి. రైల్వే స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో ఒక మేడ మీద మేం కిరాయికి ఉండేవాళ్ళం. నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్‌తో పాటు ఇచ్చే సూచనల పుస్తకాలు రాసేవాణ్ణి. ఎవరూ చదవరని తెలిసే రాసే సాహిత్యం అది. మిగతావాళ్ళంతా రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే పనిలో ఉండేవారు. రెండు వేల సంవత్సరం రాగానే ప్రపంచం ఆగిపోతుందని భయపడి కొందరు పెద్దమనుషులు వాళ్ళకు జీతాలిచ్చేవారు. పొద్దున్నే స్కూటర్ మీద కొండాపూర్ బండరాళ్ళ మధ్య నుంచి వెళ్ళి, సాయంత్రం అదే దుమ్ము నెత్తిన వేసుకుని తిరిగొచ్చేవాణ్ణి.

సిస్టరమ్మ మా వెనక వీధిలో ఉండేది. మెదక్ వైపు మనిషి. లింగంపల్లి దగ్గర ఒక నర్సింగ్ హోంలో నర్సు. భర్త పనిచేసిన ఫ్యాక్టరీ మూతబడింది. ఆయన అప్పుడప్పుడూ చిన్నా చితకా పనులకు వెళ్ళేవాడు, ఎప్పుడూ మాట్లాడేవాడు కాడు. పిల్లల్లేరు. ఆదివారం చర్చికి ఇద్దరూ వెళ్ళేవారు, ఆమె ముందు, ఆయన నాలుగడుగులు వెనక. ఆమె ఆగితే ఆయనా అక్కడే ఆగేవాడు.

ఆమె తరచుగానే ఆగేది. మా మెట్లు పద్దెనిమిది. తొమ్మిదో మెట్టు మీద నిలబడి వీధిలోకి చూస్తూ, "మీ దిక్కు గాలి మంచిగొస్తది సార్" అనేది. మే నెలలో కూడా అనేది. అప్పుడు మా వీధిలో గాలన్నది లేదు. ఆమెకేదో వీధి మీద అభిమానం అనుకున్నాను.

ఇంకో అలవాటు. ఎవరితో మాట్లాడినా మణికట్టు పట్టుకుని మాట్లాడేది. అది ఆప్యాయతో, నాడి చూడడమో చివరి దాకా తేలలేదు. మా ఆవిడను పట్టుకుని టమాటాల ధర గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో, "రాత్రి నిద్ర వట్టలేదా చెల్లె?" అనేది. పట్టలేదు. ఎందుకు పట్టలేదో అడిగేది కాదు, మళ్ళీ టమాటాల దగ్గరికి వెళ్ళిపోయేది.

ఇక అడగడం సంగతి. దీనికి కొంచెం నేపథ్యం అవసరం.

ఆ రోజుల్లో మా కాలనీలో ఏ శుభకార్యానికైనా లెమన్ సెట్ ఇచ్చేవారు. అంటే ఒక గాజు జగ్గు, ఆరు గ్లాసులు. వాటిలో ఎవరైనా ఏదైనా తాగుతుండగా నేను చూడలేదు. అవి ఇంటింటికీ తిరగడానికి పుట్టిన వస్తువులు. మేం ఒక గృహప్రవేశానికి ఇచ్చిన సెట్ పది నెలల తర్వాత మా పాప బారసాలకు మాకే వచ్చింది. లోపల మా ఆవిడ చేతిరాతతో మా పేర్లు రాసిన చీటీ కూడా చెక్కుచెదరలేదు. లెమన్ సెట్ కాకపోతే గోడ గడియారం, గోడ గడియారం కాకపోతే ఫ్లాస్కు. అందరి ఇళ్ళూ రెండేసి గదులు. పుట్టిన పిల్లకు పాలడబ్బా కావాలి, వచ్చేది ఐస్‌క్రీమ్ కప్పుల సెట్. ఈ సంగతి అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఎవరూ నోరు తెరిచేవారు కాదు.

నేను తెరిచాను. పాప మొదటి పుట్టినరోజు కార్డులో, సూచనలు రాసి జీతం తీసుకునేవాణ్ణి గనక, స్పష్టంగా ఒక వాక్యం వేయించాను: "దయచేసి బహుమతులు తీసుకురావద్దని మనవి." వస్తువు వద్దు, కవరైతే సరే అన్న దాని లోపలి అర్థం లోకానికి తెలిసే ఉంటుందని నా ధైర్యం. జనం వచ్చారు, తృప్తిగా భోంచేశారు, పాపను ముద్దుచేశారు, ఖాళీ చేతులూపుకుంటూ వెళ్ళారు. నేను రాసిన సూచనను మనుషులు అక్షరాలా పాటించింది నా ఉద్యోగ జీవితం మొత్తంలో ఆ ఒక్కసారే.

ఒక్క సిస్టరమ్మ మాత్రం పాప గుప్పిట్లో కవరు పెట్టింది. పెట్టి నా మణికట్టు పట్టుకుంది.

"ఏంది సార్, గిట్ల రాసిండ్రు?"

"మర్యాదగా ఉంటుందని అండి."

"రాస్తే గిట్లనే అయితది. గిది రాసేది గాదు సార్, చెప్పేది. చెప్పినంక చెప్పనట్టుండాలె."

"అదెలాగండీ?"

"మీతోని గాదు లెండ్రి" అంది, చాలా సౌమ్యంగా. "మీరు సదువుకున్నోళ్ళు."

ఎలాగో ఆ తర్వాత కొన్నాళ్ళకు చూశాను. మా ఎదురింట్లో కడప వాళ్ళుండేవారు. ఆయన బాచుపల్లి, నార్సింగి వైపు ప్లాట్లు అమ్మేవాడు. ఆ ఏడు కొనేవాళ్ళు లేక ఇంట్లోనే ఉంటున్నాడు. భార్యకు కొడుకు పుట్టాడు. ఆమె మా వరండాలో కూర్చుని సిస్టరమ్మతో అంటోంది:

"బారసాలా వద్దు, ఏమీ వద్దు సిస్టరమ్మా. యాడుంది దుడ్డు? ఆయప్ప స్కూటర్ గూడా అమ్మేసినాడు. పిలిస్తే నలుగురికి అన్నం పెట్టల్ల గదా."

"అందుకే జెయ్యాలంటున్న బిడ్డా. ఊకెనే అడిగితే చెయ్యి చాపినట్టుంటది. పిలిచి, అన్నం వెట్టి, వాళ్ళు పెట్టింది తీసుకుంటే చెయ్యి చాపినట్టుండదు."

"ఎవరడగతారు? నాకైతే నోరు రాదు."

"నువ్వెందుకడుగుతవ్? నువ్వు బొట్టు వెట్టి పిలువు. నేను ఎనకంగ వస్త."

వెళ్ళారు. ముందు కడపావిడ కుంకుమ భరిణెతో, వెనక సిస్టరమ్మ చంకలో గొడుగుతో. అది డిసెంబరు. ఎండా లేదు, వానా లేదు. మా ఇంటికీ వచ్చారు. కడపావిడ మా ఆవిడకు బొట్టు పెట్టి పిలిచింది. సిస్టరమ్మ బొట్టు పెట్టదు, పెట్టించుకోదు కనుక పక్కన నిలబడింది. నిలబడి గొడుగును మా కుర్చీకి తగిలించింది. ఇద్దరూ మెట్లు దిగి గేటు దాటారు. అప్పుడు కింద నుంచి వినపడింది: "అయ్యో, నా గొడుగు! నువ్వు నడువు బిడ్డా, నేనొస్త."

పద్దెనిమిది మెట్లూ మళ్ళీ ఎక్కి వచ్చింది. కాసేపు ఊపిరి తీసుకుంది. మా ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"చెల్లె, వాళ్ళు నోరు తెరిచి అడిగెటోళ్ళు గాదు. నేనే అంటున్న. ఇంట్ల సామాన్లు పెట్ట జాగ లేదు. మీరు పెట్టేదేదో కవర్ల వెట్టి పిలగాని చేతిల పెడితే, వానికి ఏం గావాల్నో వాళ్ళే తెచ్చుకుంటరు. పెట్టకున్నా ఫికర్ లేదు, అన్నం తిని దీవించి పోండ్రి. నేనన్నట్టు మాత్రం వాళ్ళకు చెప్పకుండ్రి."

గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. పక్కింట్లో మళ్ళీ మర్చిపోయింది. ఆ సాయంత్రం మా రెండు వీధుల్లో ఆమె గొడుగు మర్చిపోని ఇల్లు లేదు.

నాలుగు మాటలే. వాళ్ళ పరువు కాపాడింది, మన పరువూ కాపాడింది, ఇవ్వలేనివాడికి దారి చూపింది, నింద తన మీద వేసుకుంది. నేను ఆరేళ్ళు సూచనలు రాసి అంత చిన్న చోటులో అన్ని పనులు చేయించలేకపోయాను. బారసాలకు ఒక్క గడియారం కూడా రాలేదు. కడపాయన ఆ నెల కిరాయి కట్టాడు.

అప్పటి నుంచి కాలనీలో ఎవరింట్లో శుభకార్యమైనా సిస్టరమ్మ వెంట ఉండాల్సిందే. ఓణీల వేడుక, గృహప్రవేశం, షష్టిపూర్తి. కులమతాల పట్టింపు ఆమె గొడుగుకు లేదు. అది ఎంత అలవాటైపోయిందంటే, కుర్చీకి గొడుగు తగిలించి ఉంటే చాలు, మాట అవసరం లేకుండానే మా ఆవిడ కవరు కొనమని నాతో చెప్పేది. అయినా సిస్టరమ్మ తిరిగి వచ్చి ఆ నాలుగు మాటలూ చెప్పేది. చెప్పకుండా తీసుకెళ్తే అడిగినట్టు కాదు, గొడుగు మర్చిపోయినట్టవుతుంది అని ఆమె లెక్క అనుకుంటాను. నేను దాని మీద జోకులు వేసేవాణ్ణి. "మీ గొడుగుకి రేషన్ కార్డు ఇప్పిద్దామండీ, మా ఇంట్లోనే ఎక్కువ ఉంటోంది" అనేవాణ్ణి. ఆమె నవ్వి, నవ్వు మధ్యలో ఆగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "చాలు సార్, నవ్వియ్యకుండ్రి" అనేది. నా హాస్యానికి అంత గట్టి స్పందన మరెక్కడా దొరకలేదు కనుక ఇంకా నవ్వించేవాణ్ణి.

ఆ పై ఏడాది గడిచాక ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం సిస్టరమ్మ మా ఇంటికి ఒంటరిగా వచ్చింది. చర్చికి కట్టుకునే లేతనీలం చీర, చేతిలో కార్డు, చంకలో గొడుగు. మంచినీళ్ళు అడిగింది. తాగి చాలాసేపు కూర్చుంది. కార్డు నా చేతికిచ్చింది. వాళ్ళ పెళ్ళయి ఇరవై ఐదేళ్ళు. ఇంటి ముందు షామియానా వేసి ప్రార్థన, భోజనం.

"మాకు పిల్లలు లేరు గద సార్" అంది. "బారసాల లేదు, పుట్టినరోజు లేదు. ఇంకేం జేస్తం, మా పెండ్లినే మళ్ళ జేసుకుంటున్నం."

"తప్పకుండా వస్తామండీ. ఈసారి మీ చెల్లె వంటకు కూడా సాయం వస్తుంది" అన్నాను.

"రావాలె, రావాలె" అంది. మటన్ ధర చెప్పింది. పాస్టర్‌గారి ప్రార్థన పొడుగ్గా ఉంటుందని, పిల్లలకు ముందే బిస్కెట్లు పెట్టమని చెప్పింది. లేచింది. చెప్పులు వేసుకుంది. మెట్లు దిగింది. నేను తలుపు వేయబోతూ చూశాను. కుర్చీకి గొడుగు.

ఇక్కడ నేనేం ఆలోచించానో నిజం చెప్పాలి. ఏమీ ఆలోచించలేదు. ఆ గొడుగు ఎప్పుడూ ఎవరి కోసమో ఉండిపోయేది. ఆమె తన కోసం దాన్ని వదులుతుందని నాకు తట్టలేదు. తట్టిందల్లా ఒక జోకు. నోట్లో జోకు పుట్టాక దాన్ని మింగే గుణం నాకు అప్పట్లో లేదు. గొడుగు పట్టుకుని గబగబా మెట్లు దిగాను. ఆమె అప్పుడే గేటు దగ్గర వెనక్కి తిరుగుతోంది.

"సిస్టరమ్మా! ఇవాళ మీ వెంట ఎవరూ లేరండీ, అలవాటుకొద్దీ మర్చిపోయారు!" అని గొడుగు ఆమె చేతిలో పెట్టాను.

ఆమె గొడుగు వంక చూసింది, నా వంక చూసింది. ఆ చూపును తర్వాత ఎన్నోసార్లు గుర్తు చేసుకున్నాను. కోపం లేదు. నోటి దాకా వచ్చిన మాటను వెనక్కి పంపుతున్న మనిషి ముఖం అది. నా మణికట్టు పట్టుకుంది, ఒక్క క్షణం.

"మీరు చాన మంచోళ్ళు సార్" అంది. "నాకు మెట్లు ఎక్కుడు తప్పించిండ్రు."

పైకి వచ్చి మా ఆవిడకు చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ వారం కాలనీలో ఒకటే చర్చ, సిస్టరమ్మకు ఏమివ్వాలని. అందరిళ్ళకూ వచ్చి పిలిచింది, ఎక్కడా గొడుగు మర్చిపోలేదు. "దుడ్డే కావల్లనుకుంటే ఆయమ్మకు చెప్పడం రాదా? వస్తువే కావల్లని ఉన్నెట్లుంది, పాపం, ఎప్పుడూ ఏదీ అందుకున్న మనిషి కాదు" అని కడపావిడ తేల్చింది. అందరికీ సబబుగా తోచింది. తిరుగుడు సామాను ఇవ్వకూడదని, కొత్తదే కొనాలని కూడా అనుకున్నారు. కూకట్‌పల్లి దాకా వెళ్ళి కొన్నారు. మేం ముప్ఫై ఆరు ముక్కల డిన్నర్ సెట్ కొన్నాం. మా స్తోమతకు అది చాలా ఎక్కువ. కడప వాళ్ళు లోలకం ఊగే గోడ గడియారం తెచ్చారు. ఆ కాలనీలో అంత ప్రేమగా ఎవరికీ ఎవరూ ఏదీ ఇచ్చి ఉండరు.

షామియానా కింద ఆమె ఒక్కొక్క పెట్టెనూ రెండు చేతులతో అందుకుంది. "ఎంత మంచిగుందో" అని ప్రతి పెట్టెకూ విడివిడిగా అంది. పెట్టెలు మంచం నిండి, మంచం కింద నిండి, చివరికి దంపతులకు వేసిన రెండు కుర్చీల్లో ఒకదాని మీదకు కూడా వచ్చాయి. ఆమె భర్త లేచి నిలబడ్డాడు. పాస్టర్‌గారు ఇరవై ఐదేళ్ళ మేళ్ళకు దేవుడికి వరసగా వందనాలు చెప్పారు. నేను ఆమెకు వినపడేలా, "ఇక మీరు దుకాణం పెట్టేయొచ్చండీ" అన్నాను. నవ్వింది. నవ్వీ నవ్వీ ఆయాసపడి కూర్చుండిపోయింది. భర్త గ్లాసుతో నీళ్ళు తెచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయన నవ్వడం లేదు. మితభాషికి నవ్వడం కూడా తక్కువేనేమో అనుకున్నాను.

జూలైలో సిస్టరమ్మ పోయింది. డ్యూటీలో ఉంది. ఎవరో పెద్దాయనకు బీపీ చూడడానికి చేతికి పట్టీ చుడుతూ, "ఒక్క నిమిషం" అని పక్కనే స్టూలు మీద కూర్చుందట. డాక్టరు అక్కడే ఉన్నాడు, చేయగలిగిందంతా చేశాడు. ఆమెను తీసుకొచ్చిన రోజు మా రెండు వీధుల్లో వంటలు కాలేదు.

సమాధి అయ్యాక నాలుగైదు రోజులకు ఆమె భర్త ఇల్లిల్లూ తిరిగి ఆమె జ్ఞాపకార్థం పెట్టిన ప్రార్థన కూడికకు పిలిచాడు. మా ఇంటికి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. అన్నేళ్ళలో ఆయన మాట్లాడినవన్నీ కలిపినా ఆ సాయంత్రం మాట్లాడినంత కావు. వాల్వు సంగతి అప్పుడే విన్నాం. పెద్ద దవాఖానలో రెండేళ్ళ కిందే చెప్పారట.

"సగం పైసలు జమ జేసింది సార్. నేనన్న, కాలనీల చెప్దాం, ఇస్తరు అని. ఒద్దన్నది. రోగమని చెప్పి అడగను, పండుగ జేసి అడుగుత అన్నది. పెండ్లి రోజు గందుకే వెట్టుకున్నం."

మా ఆవిడ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి లోపలికి వెళ్ళింది.

"ముందుగల్ల మీ ఇంటికే వచ్చింది సార్. సార్‌ వాళ్ళింట్ల మొదలువెడితే నామోషి అనిపియ్యది, సార్ నవ్వుకుంటనే అర్థం జేసుకుంటడు అన్నది. వాపస్ వచ్చినంక, చెప్పినవా అని అడిగిన. నవ్వింది. 'యాడ చెప్పేది? గొడుగు కోసం ఎనకకు మర్లుడుతోటే సార్ ఉరికొచ్చి చేతిల వెట్టిండు' అన్నది. తెల్లారి మిగిలిన ఇండ్లకు పోయెటప్పుడు గొడుగు ఇంట్లనే ఇడిసిపెట్టి పోయింది. వేరెటోళ్ళ కోసమైతే ఎంతైనా అడుగుత గనీ, నా కోసం నోరు రెండోసారి లేస్తలేదు అన్నది."

ఆయన దాన్ని ఆమె గురించిన ఒక ముచ్చటగానే చెప్పాడు. చెబుతూ కొంచెం నవ్వాడు కూడా, ఆమె నవ్విన చోట. నా మీద నింద ఉందేమోనని ఆయన ముఖంలో వెతికాను. ఉంటే బాగుండేది.

"మాకు చెప్పాల్సింది" అన్నాను, ఎవరికి చెబుతున్నానో తెలియకుండా. ఆయన తలూపి, కూడిక వేళ చెప్పి, తర్వాతి ఇంటికి వెళ్ళాడు.

కూడికకు అందరూ వచ్చారు. చావింటికి ఎవరూ బహుమతి తీసుకెళ్ళరు. కవరూ తీసుకెళ్ళరు. వెళ్తారు, కూర్చుంటారు, వస్తారు. ఆ రోజు వచ్చినవాళ్ళందరి దగ్గరా కవర్లున్నాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎవరింట్లోనూ ఎవరూ వెనక్కి తిరిగి వచ్చి ఆ నాలుగు మాటలు అనలేదు. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే వెళ్ళి సిస్టరమ్మ భర్త చేతిలో పెట్టారు. కడపాయన పెట్టి, బయటికి వచ్చి, గోడకానుకుని ఏడ్చాడు. సిస్టరమ్మ భర్త మాత్రం అప్పటిదాకా ఏ కవరూ కాదనలేదు. కాదంటే ఇచ్చినవాళ్ళు నొచ్చుకుంటారని ఆమె దగ్గర ఇరవై ఐదేళ్ళలో నేర్చుకుని ఉంటాడు.

నేను చివర వెళ్ళాను. నా చేతిలో కవరు చూసి ఆయన నిజంగానే ఇబ్బంది పడ్డాడు. నా చెయ్యి మెల్లగా వెనక్కి నెట్టాడు.

"మీరు అప్పుడే అంత పెద్ద డిన్నర్ సెట్టు ఇచ్చిండ్రు గద సార్" అన్నాడు. "మళ్ళెందుకు?"